బడి రోజుల్లోనే కడుపునొప్పా? వేషం అనుకునే ముందు...

"మా గుంటడికి బడి ఉన్న రోజే కడుపునొప్పి. ఆదివారం రాదమ్మా." విశాఖ పాతనగరం నుంచి గాజువాక దాకా మన పేటల్లో తల్లులు నవ్వుతూనో విసుక్కుంటూనో అనే మాట ఇది. బడి ఎగ్గొట్టే వేషం అనుకుంటాం. కొన్నిసార్లు వేషమే కావచ్చు. కానీ రెండు వారాలు దాటినా ఇదే వరస నడుస్తూ, ఆదివారం కూడా పిల్లాడు ఆటకు పోకుండా మూలన కూర్చుంటే ఆగి చూడాలి.

డిప్రెషన్ పెద్దవాళ్ల జబ్బనుకుంటాం. ఆరేడేళ్ల పిల్లలకూ వస్తుంది, కాకపోతే టీనేజీ పిల్లల్లో కంటే తక్కువగా. ఆ వయసులో "నాకు దిగులుగా ఉంది" అని చెప్పడం రాదు. ఒళ్లు చెబుతుంది: కడుపునొప్పి, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, తిండి తగ్గడం, వయసుకు తగ్గ బరువు పెరగకపోవడం. లేదంటే కోపం చెబుతుంది. పెద్దవాళ్లలో విచారం ఎలాంటి లక్షణమో, పిల్లల్లో చిరాకు అలాంటి లక్షణమేనని డాక్టర్లు లెక్కిస్తారు. అందుకే తోటిపిల్లల్ని కొట్టే పిల్లాడి మీద కూడా ఓ కన్నేయాలి. ఇంకా ఎక్కువగా చూడాల్సింది నోరు విప్పని పిల్లని. క్లాసులో అల్లరి చేయదు కాబట్టి ఆమె ఎవరికీ కనబడదు.

మన పిల్లల దగ్గర ఇంకో చిక్కుంది. కోప్పడితే "రౌడీ", మాట్లాడకపోతే "మొద్దు", ఆపైన "వీళ్లింతే" అనే ముద్ర సిద్ధంగా ఉంటుంది. అది పడ్డాక జబ్బు గురించి ఎవరూ ఆలోచించరు.

కారణం ఇంట్లో ఉండొచ్చు. 2021 జనవరిలో స్టీల్‌ప్లాంటు ప్రైవేటీకరణ నిర్ణయం వచ్చిన దగ్గర్నుంచి కాంట్రాక్టు కార్మికుల ఇళ్లలో రేపటి కూలి మీద భయం ఉంది. పెద్దవాళ్లు గుసగుసలాడినా పిల్లలకు వినబడుతుంది. కారణం బడిలోనూ ఉండొచ్చు. అంబేడ్కర్‌ని చిన్నప్పుడు బడిలో గోనెపట్టా మీద వేరుగా కూర్చోబెట్టారు. ఆ సంగతి ఆయన నలభై దాటాక రాశారు. అన్నేళ్లయినా మరిచిపోలేదు మరి.

అందుకే "ఎందుకలా ఉన్నావ్?" అని అడిగితే జవాబు రాదు. "ఇవాళ అన్నం ఎవరి పక్కన కూర్చుని తిన్నావు? గది ఎవరు ఊడ్చారు? నిన్ను ఏమని పిలుస్తారు?" అని అడగండి. పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కింద నిషేధం. అవమానం ఆగకుండా వైద్యం ఒక్కటే చేయిస్తే సగం పనే అవుతుంది.

ముందు పిల్లల డాక్టరుకు చూపించండి. రక్తహీనత ఉన్నా, చూపు, వినికిడి తక్కువైనా పిల్లలు ఇలాగే మందకొడిగా కనబడతారు. అవేవీ లేవంటే చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. "పిచ్చాసుపత్రి" అని ఊరు పెట్టిన పేరుకు జడిసి చాలామంది ఆ గేటు దాటరు. ఈ వయసు పిల్లలకు మొదటి వైద్యం మాటలతోనే. పన్నెండేళ్లలోపు పిల్లలకు డిప్రెషన్ మందులు మామూలు డాక్టర్లు రాయకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కులం పేరుతో వివక్ష లేకుండా మానసిక వైద్యం పొందే హక్కు 2017 చట్టం 18వ సెక్షన్‌లోనే రాసి ఉంది. అంతదూరం వెళ్లలేకపోతే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రి పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

"చచ్చిపోతాను" అని పిల్లలు అంటే మాత్రం పసిమాటగా తీసేయొద్దు, కొట్టొద్దు. ఆ రోజే తీసుకెళ్లాలి. మిగతా సందర్భాల్లో ఓ పాత నోటుపుస్తకంలో రెండు వారాలు రాసుకోండి: నొప్పి ఏ రోజు వచ్చింది, ఆ రోజు బడిలో ఏం జరిగింది. డాక్టరు దగ్గరికి ఆ పుస్తకం పట్టుకెళ్లండి. హెడ్‌మాస్టరు దగ్గరికీ అదే.