కిచెన్ పక్కనే తూటాల బల్ల.. అమెరికా అపార్ట్‌మెంట్లలో 'రీలోడింగ్' ఎలా చేస్తారు? వీసాపై ఉన్న మనవాళ్లకు రిస్క్ ఏంటి?

సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. ఓ మూల చిన్న బల్ల. దానికి బిగించిన ఇనుప ప్రెస్, పక్కన బుల్లి డిజిటల్ త్రాసు, ఓ డబ్బాలో ఇత్తడి తొడుగులు. చూడ్డానికి గడియారాలు రిపేర్ చేసే షాపులా ఉంటుంది. కానీ అక్కడ తయారయ్యేది తుపాకీ తూటాలు. అమెరికాలో ఇదొక మామూలు హాబీ. పేరు 'రీలోడింగ్'. పెద్ద గ్యారేజీలు ఉన్నవాళ్లే కాదు, అద్దె ఫ్లాట్లలో ఉండేవాళ్లు కూడా చేస్తున్నారు.

మరి మనకెందుకు ఈ విషయం? అమెరికాలో లక్షల మంది తెలుగువాళ్లు ఉన్నారు. చాలామంది ఎఫ్-1, హెచ్-1బీ వీసాల మీద ఉన్నవాళ్లే. ఫ్లాట్ షేర్ చేసుకునే రూమ్‌మేట్‌కు ఈ హాబీ ఉండొచ్చు. లేదంటే వీకెండ్‌లో షూటింగ్ రేంజ్‌కు వెళ్లి, మనవాళ్లకే సరదా పుట్టొచ్చు. అమెరికన్‌కు హాబీ అయిన అదే బల్ల, వీసా మీద ఉన్న వ్యక్తికి ఫెడరల్ కేసు కావచ్చు. ఎలాగో చూద్దాం.

అసలు రీలోడింగ్ అంటే?

మనం మాటల్లో తూటా అన్నా బుల్లెట్ అన్నా ఒకటే అనుకుంటాం. నిజానికి తూటాలో నాలుగు భాగాలు ఉంటాయి. ఇత్తడి తొడుగు, దాని అడుగున నిప్పు రాజేసే ప్రైమర్, లోపల పౌడర్, ముందు భాగంలో బుల్లెట్. తుపాకీ పేల్చాక ప్రైమర్, పౌడర్ కాలిపోతాయి. బుల్లెట్ వెళ్లిపోతుంది. ఇత్తడి తొడుగు మాత్రం మిగులుతుంది. ఆ తొడుగును శుభ్రం చేసి, కొలతకు తెచ్చి, మిగతా మూడూ కొత్తగా పెట్టి మళ్లీ వాడుకోవడమే రీలోడింగ్.

ఎందుకు చేస్తారంటే, ఒకటి ఖర్చు. తూటాలో ఇత్తడి తొడుగు ఖరీదైన భాగం, అది మిగిలిపోతుంది కాబట్టి కొంత ఆదా. రెండోది కచ్చితత్వం. పోటీల్లో పాల్గొనేవాళ్లు తమ తుపాకీకి సరిగ్గా సరిపోయేలా చేసుకుంటారు. కరోనా టైమ్‌లో షాపుల్లో తూటాలు దొరక్క కూడా చాలామంది ఇటు మళ్లారు.

సొంతంగా వాడుకోవడానికి తూటాలు చేసుకుంటే అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం లైసెన్స్ అక్కర్లేదు. అమ్మే వ్యాపారం మొదలుపెడితే మాత్రం తప్పనిసరి. రాష్ట్రాల రూల్స్ వేరే ఉంటాయి. ఉదాహరణకు ఇల్లినాయిస్, మసాచుసెట్స్‌లో తుపాకీ, తూటాలు ఉంచుకోవాలంటే ముందు కార్డు తీసుకోవాలి.

చిన్న ఫ్లాట్‌లో బల్ల ఎలా సర్దుతారు?

మొదటి సమస్య ప్రెస్. లివర్ కిందికి లాగితే తొడుగును నొక్కి సరిచేసే యంత్రం ఇది. గట్టిగా లాగాలి కాబట్టి బల్ల ఊగకూడదు. సొంతిల్లు ఉన్నవాళ్లు బల్లను గోడకు బోల్టులతో బిగించేస్తారు. అద్దె ఇంట్లో గోడకు రంధ్రాలు పెడితే డిపాజిట్ పోతుంది. అందుకే మందమైన చెక్క పలకకు ప్రెస్‌ను బిగించి, ఆ పలకను క్లాంపులతో బల్లకు పట్టిస్తారు. పని అయ్యాక విప్పి అల్మారాలో పెట్టేయొచ్చు. కొందరు మడతపెట్టే వర్క్‌బెంచ్ వాడతారు. అసలు బల్లే అక్కర్లేకుండా చేత్తో పట్టుకుని నొక్కే ప్రెస్‌లు కూడా ఉన్నాయి.

ప్రెస్‌లలో ప్రధానంగా మూడు రకాలు. సింగిల్ స్టేజ్ ప్రెస్ ఒక్కసారికి ఒక్క పనే చేస్తుంది. టరెట్ ప్రెస్‌లో పరికరాలు మార్చడం సులువు. ప్రోగ్రెసివ్ ప్రెస్ లివర్ లాగిన ప్రతిసారీ ఒక తూటా పూర్తి చేస్తుంది. చోటు తక్కువ ఉన్నవాళ్లకు, కొత్తవాళ్లకు సింగిల్ స్టేజే మేలని అనుభవం ఉన్నవాళ్లు చెబుతారు. నెమ్మదిగా సాగుతుంది, తప్పు జరిగితే కంటికి కనబడుతుంది.

తప్పు జరిగితే ఏమవుతుంది? పౌడర్‌ను 'గ్రెయిన్ల'లో తూస్తారు. ఒక గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు. ఫోన్ మోగింది, పక్కకు చూశారు, ఒకే తొడుగులో రెండుసార్లు పౌడర్ పడింది. తుపాకీ చేతిలోనే పేలిపోవచ్చు. అసలు పౌడరే పడకపోతే ఇంకో ప్రమాదం. బుల్లెట్ బ్యారెల్ మధ్యలో ఇరుక్కుంటుంది. అది తెలియక ఇంకో రౌండ్ కాల్చితే బ్యారెల్ పగిలిపోతుంది. అందుకే బల్ల దగ్గర టీవీ ఉండకూడదు, ఫోన్ ఉండకూడదు. బల్ల మీద ఒక్కసారికి ఒక్క పౌడర్ డబ్బానే ఉండాలి. కొలతలు కంపెనీలు ప్రచురించే మాన్యువల్స్ చూసే వేయాలి, ఎవరో చెప్పారని కాదు. హాలే వంటిల్లూ ఆఫీసూ అయిన ఫ్లాట్‌లో ఈ ఏకాగ్రత దొరకడమే కష్టం.

పౌడర్ ఎంత ఉంచొచ్చు? ఇనుప బీరువా ఎందుకు వద్దు?

అమెరికాలో ఫైర్ సేఫ్టీ ప్రమాణాలు రాసే సంస్థ ఎన్ఎఫ్‌పీఏ. దాని 495 నంబర్ కోడ్ ప్రకారం ఇంట్లో 20 పౌండ్ల వరకు, అంటే సుమారు 9 కిలోల స్మోక్‌లెస్ పౌడర్‌ను కంపెనీ డబ్బాల్లోనే ఉంచుకోవచ్చు. అది దాటితే 50 పౌండ్ల వరకు, అంగుళం మందం ఉన్న చెక్క పెట్టెలో పెట్టాలి. ప్రైమర్లు 10,000 మించకూడదు.

చాలామంది ఇనుప సేఫ్ అయితే భద్రం అనుకుంటారు. ఇక్కడ లెక్క రివర్స్. స్మోక్‌లెస్ పౌడర్ బయట అంటుకుంటే భగ్గున మండుతుంది. గాలి చొరబడని గట్టి ఇనుప పెట్టెలో అంటుకుంటే మాత్రం ఒత్తిడి పెరిగి బాంబులా పేలుతుంది. చెక్క పెట్టె అయితే లోపల ఒత్తిడి పెరగ్గానే విడిపోతుంది. ప్రైమర్ల సంగతి ఇంకా సున్నితం. దెబ్బ తగిలితే పేలడానికే వాటిని తయారు చేస్తారు. అందుకే కంపెనీ ప్యాకింగ్ నుంచి తీసి సీసాలో కలిపి పోయకూడదు.

ఇక అసలు పాయింట్. ఒక ఇల్లు వేరు, 100 ఫ్లాట్ల బిల్డింగ్ వేరు. కింద, పైన, పక్కన కుటుంబాలు ఉంటాయి. లోకల్ ఫైర్ కోడ్‌లు విడి ఇళ్లకు ఒకలా, అపార్ట్‌మెంట్లకు ఒకలా ఉండొచ్చు. అందుకే అక్కడి ఫైర్ డిపార్ట్‌మెంట్‌ను ముందే అడగాలి. లీజ్ కాగితం కూడా చదవాలి. మండే పదార్థాలు, పేలుడు పదార్థాలు ఉంచకూడదని చాలా లీజుల్లో రాసి ఉంటుంది. అది ఉల్లంఘిస్తే ఖాళీ చేయిస్తారు. అగ్నిప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర కూడా ఇదే ప్రశ్న వస్తుంది.

కంటికి కనిపించని సీసం

పేలుడు భయం అందరికీ ఉంటుంది. సీసం గురించి పెద్దగా పట్టించుకోరు. చాలా బుల్లెట్లలో సీసం ఉంటుంది. ఎక్కువ ప్రైమర్లలో కూడా సీసం సమ్మేళనం వాడతారు. పేలిన తొడుగుల్లో ఆ మసి మిగిలిపోతుంది. వాటిని పొడి టంబ్లర్‌లో వేసి తిప్పితే సీసం దుమ్ము గాల్లోకి లేస్తుంది. గ్యారేజీలో అయితే తలుపు తీస్తారు. ఫ్లాట్‌లో ఆ దుమ్ము కార్పెట్‌లోకి చేరుతుంది. ఆ కార్పెట్ మీదే పిల్లలు పాకుతారు.

పిల్లల రక్తంలో సీసానికి సురక్షితమైన స్థాయి అంటూ లేదని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. డెసిలీటర్‌కు 3.5 మైక్రోగ్రాములు దాటితే తల్లిదండ్రులు, డాక్టర్లు జాగ్రత్త పడాలని 2021లో పరిమితిని తగ్గించింది. అంతకుముందు ఇది 5గా ఉండేది.

అందుకే ఫ్లాట్‌లో చేసేవాళ్లు పొడి టంబ్లర్ బదులు నీళ్లతో కడిగే పద్ధతి ఎంచుకుంటారు. ఆ మురికి నీళ్లు వంటింటి సింక్‌లో పోయకూడదు. బల్లను తడిగుడ్డతో తుడవాలి. పౌడర్, ప్రైమర్లు కింద పడితే వాక్యూమ్ క్లీనర్ వాడకూడదు, లోపల అంటుకునే ప్రమాదం ఉంది. డైనింగ్ టేబుల్‌ను ఈ పనికి అస్సలు వాడొద్దు. పని అవ్వగానే చేతులు కడుక్కుని బట్టలు మార్చుకోవాలి. గర్భిణులు, పసిపిల్లలు ఉన్న ఇంట్లో ఈ బల్ల పెట్టకపోవడమే మంచిది.

వీసా మీద ఉన్నవాళ్లు ఇది తప్పకుండా చదవాలి

అమెరికా ఫెడరల్ చట్టంలో 922(జీ)(5) అనే సెక్షన్ ఉంది. నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ, తూటాలు గానీ కలిగి ఉండకూడదు. ఎఫ్-1 స్టూడెంట్లు, హెచ్-1బీ ఉద్యోగులు, హెచ్-4 భార్యాభర్తలు, బీ-2 మీద వచ్చిన అమ్మానాన్నలు అందరూ ఇందులోకి వస్తారు. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు. మినహాయింపులు కొన్నే. అందులో ముఖ్యమైనది, అమెరికాలోని ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్.

చాలామందికి తెలియని మెలిక ఇక్కడే ఉంది. ఈ చట్టంలో 'అమ్యూనిషన్' అంటే పూర్తయిన తూటా ఒక్కటే కాదు. తొడుగులు, ప్రైమర్లు, బుల్లెట్లు, పౌడర్.. విడివిడిగా ఉన్నా సరే, అవన్నీ అమ్యూనిషనే. అంటే బల్ల మీద ఒక్క తూటా కూడా తయారవకముందే చట్టం దృష్టిలో అది అమ్యూనిషన్ ఉన్న బల్ల. 'తుపాకీ నాది కాదు, నేను కొన్నది పౌడరే' అంటే కుదరదు.

శిక్ష 2022 నుంచి గరిష్ఠంగా 15 ఏళ్లు. దాంతో ఆగదు. ఈ సెక్షన్ కింద దోషి అని తేలితే ఇమ్మిగ్రేషన్ చట్టం దాన్ని తీవ్ర నేరాల జాబితాలో లెక్కేస్తుంది. దేశం నుంచి పంపించేయొచ్చు.

ఇది కాగితాల మీద ఉన్న రూలే అనుకోవద్దు. 2019లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన 'రెహైఫ్' కేసు చూడండి. స్టూడెంట్ వీసాపై వచ్చిన యువకుడు. మార్కులు సరిగా రాక యూనివర్సిటీ తీసేసింది. ఆ తర్వాత షూటింగ్ రేంజ్‌కు వెళ్లి కాల్చాడు. స్టేటస్ లేకుండా తుపాకీ, తూటాలు పట్టుకున్నాడని ఇదే సెక్షన్‌లోని మరో క్లాజ్ కింద కేసు పెట్టారు. తన స్టేటస్ ఏంటో నిందితుడికి తెలుసని కూడా ప్రభుత్వం నిరూపించాలని సుప్రీంకోర్టు చెప్పింది. కానీ కేసు అక్కడిదాకా వెళ్లడానికి ఏళ్లు పట్టింది. మొదలైంది మాత్రం ఒక్క రేంజ్ విజిట్‌తో.

రూమ్‌మేట్‌ది అయితే?

అతను అమెరికన్ పౌరుడు, బల్ల అతనిది. అది అతని హక్కు. కానీ 'కలిగి ఉండటం' అంటే చేతిలో పట్టుకోవడమే కాదు. తెలిసి, తన అదుపులో ఉంచుకోగలిగినా అది పొసెషన్ కిందకే రావొచ్చని అక్కడి కోర్టులు చూస్తాయి. హాల్లో అందరి బల్ల మీద ఉంటే ప్రశ్న మీ దాకా వస్తుంది. అతని గదిలో తాళం వేసి, తాళంచెవి అతని దగ్గరే ఉంటే మీకు చాలా వరకు సేఫ్. సరదాగా లివర్ లాగి సాయం చేయడం, అతని పౌడర్ పార్శిల్‌కు మీరు సంతకం పెట్టి తీసుకోవడం లాంటివి వద్దు. డౌట్ ఉంటే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను అడగండి.

ఇండియాకు వచ్చేటప్పుడు బ్యాగ్ దులపండి

రేంజ్‌కు తీసుకెళ్లిన బ్యాగ్‌నే సర్దుకుని ఊరికి వచ్చేస్తుంటారు. అడుగున ఒక తూటా ఉండిపోతుంది. శంషాబాద్ స్కానర్‌లో అది కనబడితే సెలవులన్నీ పోలీస్ స్టేషన్ చుట్టూనే. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తూటా ఉంటే నేరం. 2019 సవరణ తర్వాత దీనికి 2 నుంచి 5 ఏళ్ల జైలు. తెలిసి ఉంచుకుంటేనే నేరమని కోర్టులు చెబుతున్నాయి, నిజమే. కానీ 'నాకు తెలియదు' అని తేలేలోపు పాస్‌పోర్టు, వీసా స్టాంపింగ్, ఉద్యోగం అన్నీ టెన్షన్‌లో పడతాయి. ఖాళీ తొడుగుతో చేసిన కీచైన్ కూడా స్కానర్‌లో తూటాలాగే కనబడుతుంది. అది అక్కడే వదిలేసి రావడం మంచిది.

ఇక మన దగ్గర ఇంట్లో రీలోడింగ్ మాటే లేదు. లైసెన్స్ లేకుండా తూటాలు తయారుచేస్తే కనీసం 7 ఏళ్ల నుంచి యావజ్జీవం వరకు శిక్ష పడుతుంది.

ఫ్లాట్‌లో బల్లకు చోటు ఎలాగోలా దొరుకుతుంది. దాన్ని పెట్టేముందు వీసా, లీజ్, ఇంట్లో పిల్లలు.. ఈ మూడూ చూసుకోవాలి. ఒక్కదాంట్లో తేడా ఉన్నా ఆ సరదా మానుకోవడమే బెటర్.