నర్సు ఇంటికొచ్చాక యాప్‌లో ఏం రాస్తుంది? జైనూర్ నుంచి డల్లాస్ దాకా హోమ్ హెల్త్‌కేర్ సాఫ్ట్‌వేర్ కథ

మొన్న దసరాకు మా ఊరు జైనూర్ వెళ్లాను. మా బాపమ్మకు పక్షవాతం వచ్చి ఏడాది దాటింది, అప్పటి నుంచి మంచంలోనే ఉంటుంది. ఆ రోజు ఏఎన్ఎం సిస్టర్ ఇంటికొచ్చి బీపీ చూసింది. ఫోన్ తీసి యాప్‌లో రీడింగ్ కొట్టి సేవ్ నొక్కింది. స్క్రీన్ మీద రౌండ్ తిరుగుతూనే ఉంది. ఫోన్ పైకెత్తి పట్టుకుని వాకిట్లోకి వెళ్లింది, అక్కడి నుంచి వేపచెట్టు కిందికి వెళ్లింది. లాభం లేదు. చివరికి బ్యాగులోంచి రిజిస్టర్ తీసి పెన్నుతో రాసుకుంది.

"నెట్ అస్తలేదు తమ్మీ. ఉట్నూర్ రోడ్డెక్కినంక ఎక్కిస్త" అంది.

నాకు కాస్త సిగ్గేసింది. ఎందుకంటే హైదరాబాద్‌లో నేను చేసే ఉద్యోగం సరిగ్గా ఇదే. అమెరికాలో ఇళ్లకు వెళ్లి వైద్యసేవలు చేసే నర్సులు వాడే ఒక యాప్‌కు సింక్ మాడ్యూల్ రాసే టీమ్‌లో ఉన్నాను. ఎక్కడో టెక్సాస్‌లో ఒక పెద్దావిడ బీపీ రీడింగ్, నెట్ లేకపోయినా పోకుండా చూడటం నా పని. మా బాపమ్మ రీడింగ్ మాత్రం పెన్ను, రిజిస్టర్ మీద ఆధారపడి ఉంది.

ఇదేం ఫోన్ రివ్యూ కాదు. కానీ మన చేతుల్లో ఉండే ఫోన్, జీపీఎస్, సింక్ అన్నీ ఇందులో ఉన్నాయి. పైగా రేపో మాపో మీ ఇంట్లోనూ ఒక పెద్దమనిషికి ఇలాంటి అవసరం రావచ్చు. అందుకే ఈ మార్కెట్ ఎలా పనిచేస్తుందో ఒకసారి చూద్దాం.

అసలు ఇదేం సాఫ్ట్‌వేర్?

ఆస్పత్రి సాఫ్ట్‌వేర్‌లో పేషెంట్ కంప్యూటర్ దగ్గరికి వస్తాడు. హోమ్ హెల్త్‌కేర్‌లో ఫోనే పేషెంట్ దగ్గరికి వెళ్తుంది. ఈ ఒక్క తేడాతో డిజైన్ అంతా మారిపోతుంది. ఏ కంపెనీది చూసినా లోపల ఐదు పనులుంటాయి.

ఒకటి, షెడ్యూలింగ్: ఏ నర్సు ఏ ఇంటికి, ఎన్ని గంటలకు వెళ్లాలి. రెండు, కేర్ ప్లాన్: డాక్టర్ ఏం చెయ్యమన్నారు, ఏ మందులు రాశారు. మూడు, విజిట్ నోట్: బీపీ, షుగర్, పుండు ఎలా ఉంది లాంటివి. నాలుగు, నర్సు నిజంగా ఆ ఇంటికి వెళ్లిందనే రుజువు. ఐదు, బిల్లింగ్.

లిస్ట్ అన్నిచోట్లా ఒకటే. కానీ ఇందులో ఏది గట్టిగా కడతారు, ఏది మొక్కుబడిగా వదిలేస్తారు అనేది ఒక్క విషయం మీద ఆధారపడుతుంది: డబ్బు ఎవరు కడుతున్నారు?

అమెరికా: ఫారం నుంచి పుట్టిన మార్కెట్

అమెరికాలో 65 ఏళ్లు దాటినవాళ్లకు మెడికేర్ అనే ప్రభుత్వ బీమా ఉంటుంది. డాక్టర్ ఆర్డర్ ఉండి, ఇంటి నుంచి బయటికి రాలేని స్థితి ఉంటే, నర్సు ఇంటికొచ్చే ఖర్చును అది కడుతుంది. మెడికేర్ గుర్తింపు ఉన్న ఇలాంటి ఏజెన్సీలు 11 వేలకు పైగానే ఉన్నాయి.

డబ్బు కట్టేవాడు ఊరికే కట్టడు కదా, లెక్క అడుగుతాడు. 1999లో ఒయాసిస్ అనే పెద్ద అసెస్‌మెంట్ ఫారం తప్పనిసరి చేశారు. పేషెంట్ నడవగలడా, స్నానం చేయగలడా, మందులు తనంతట తాను వేసుకోగలడా... ఇలా పేజీలకు పేజీలు. 2000 అక్టోబర్ నుంచి 60 రోజులకు ఒక లెక్కన డబ్బు ఇచ్చేవారు. 2020 జనవరి 1 నుంచి దాన్ని 30 రోజులకు మార్చారు. రూల్ మారిన ప్రతిసారీ సాఫ్ట్‌వేర్ మార్చాల్సిందే. చిన్న ఏజెన్సీ సొంతంగా రాసుకోలేదు కాబట్టి కొనుక్కుంటుంది. మార్కెట్ పుట్టింది అక్కడే.

డల్లాస్‌లోనే హోమ్‌కేర్ హోమ్‌బేస్, యాక్సెస్ అనే రెండు పెద్ద కంపెనీలున్నాయి. వీటితో పాటు వెల్‌స్కై, రెస్‌మెడ్ చేతిలో ఉన్న మ్యాట్రిక్స్‌కేర్, కెనడాకు చెందిన అలయాకేర్ లాంటివి పోటీలో ఉన్నాయి. కొన్ని యూజర్‌కు ఇంత అని తీసుకుంటాయి, కొన్ని ఏజెన్సీలో ఉన్న పేషెంట్ల సంఖ్యను బట్టి తీసుకుంటాయి. ఒకసారి కొన్నాక మార్చడం మహా కష్టం, పాత రికార్డులన్నీ తరలించాలి మరి.

ఇక ఈవీవీ. మన డైరెక్టర్ ఈవీవీ గారు కాదు, ఎలక్ట్రానిక్ విజిట్ వెరిఫికేషన్. 2016 డిసెంబర్‌లో వచ్చిన ఒక చట్టం ప్రకారం, మెడిక్‌ఎయిడ్ డబ్బుతో జరిగే ప్రతి హోమ్ విజిట్‌కూ ఆరు విషయాలు ఎలక్ట్రానిక్‌గా రికార్డు కావాలి: ఏ సేవ, ఎవరికి, ఎవరు చేశారు, ఏ తేదీన, ఎక్కడ, ఎన్ని గంటలకు మొదలై ఎప్పుడు ముగిసింది. దొంగ బిల్లులు ఆపడానికి పెట్టారు. నర్సు యాప్‌లో చెక్‌ఇన్ కొట్టగానే జీపీఎస్ తీసుకునేది ఇందుకే.

ఈ మార్కెట్‌లో మనవాళ్ల చెయ్యీ ఉంది. హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్ చేసే ఫ్రెండ్ ఉంటే అడగండి. అమెరికా నర్సు పగలు నింపిన ఒయాసిస్ ఫారాల్ని ఇక్కడ కూర్చుని సరిచూసే టీములున్నాయి.

ఇండియా: ఇక్కడ బుకింగ్ యాప్

మన దగ్గర నగరాల్లో 2013లో మొదలైన పోర్టియా, ఇంకా అపోలో హోమ్‌కేర్ లాంటివి ఉన్నాయి. వీటికి డబ్బు కట్టేది ఎక్కువగా కుటుంబమే. ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆస్పత్రిలో చేసే చికిత్సల కోసం. నెలల తరబడి ఇంటికొచ్చే నర్సు ఖర్చు జేబులోంచే పోతుంది.

అందుకే మన యాప్‌లలో ముందు కనిపించేవి వేరు: త్వరగా బుకింగ్, యూపీఐ పేమెంట్, అటెండెంట్ ఎప్పుడొస్తుందో నోటిఫికేషన్, రేటింగ్. అమెరికాలో కొడుకున్న తల్లిదండ్రులకు ఇవి నిజంగానే పనికొస్తాయి. కానీ ఏజెన్సీ మారిస్తే పాత విజిట్ నోట్స్ వరుసగా మన చేతికి రావాలని అడిగేవాళ్లు తక్కువ. అడగనిది ఎవరూ కట్టరు.

జైనూర్: ఇక్కడ రిపోర్ట్ యాప్

కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో మాలాంటి మండలానికి ప్రైవేట్ హోమ్‌కేర్ కంపెనీ రాదు. ఇంటికొచ్చేది ఆశ, ఏఎన్ఎం. ఆ లెక్కన చూస్తే దేశంలో అతిపెద్ద హోమ్ విజిట్ వ్యవస్థ ప్రభుత్వానిదే. డిజిటల్ ప్రయత్నాలు కూడా ఎప్పుడో మొదలయ్యాయి. ఏఎన్ఎంల కోసం అన్మోల్ అనే ట్యాబ్ యాప్ 2016లో ఏపీలో మొదలైంది. 2022 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో ఇంటింటికీ వెళ్లి హెల్త్ ప్రొఫైల్ తీసే పైలట్ మొదలుపెట్టింది.

ఇక్కడ డబ్బు కట్టేది ప్రభుత్వం. దానికి కావాల్సింది లెక్క: ఎంతమందికి బీపీ చూశారు, ఎంతమందికి షుగర్ ఉంది, ఎన్ని మందులు పంపాలి. అదీ అవసరమే, కాదనను. అయితే లెక్క పైకి వెళ్తుంది. మంచం దగ్గర కూర్చున్న మనిషికి తిరిగి ఏమొస్తుంది అన్నదే నా ప్రశ్న.

కోడ్ రాసేవాడిగా చూస్తే కష్టం ఎక్కడుంది?

మొదటిది ఆఫ్‌లైన్. సర్వర్ ఒప్పుకున్నాకే సేవ్ అయ్యే యాప్ ఒక రకం. ముందు ఫోన్‌లోనే సేవ్ చేసి, నెట్ దొరికినప్పుడు పంపేది ఇంకో రకం. రెండోది కట్టడం కష్టం. సర్వర్ నంబర్ ఇచ్చేదాకా ఆగకుండా రికార్డుకు ఫోనే యూయూఐడీ ఇచ్చుకోవాలి. ఒకే పేషెంట్ వివరాన్ని ఇద్దరు మార్చితే ఏది ఉంచాలి? చాలామంది చివరిగా రాసిందే గెలుస్తుంది అని పెడతారు. ఫోన్ గడియారం తప్పుంటే పాతదే గెలుస్తుంది! అందుకే బీపీ లాంటి రీడింగ్‌ను ఎప్పుడూ పాతదాని మీద రాయకూడదు, పక్కన చేర్చాలి.

ఇది మన దేశంలో జరగని పనేం కాదు. డిమాగీ వాళ్ల కామ్‌కేర్ అనే ఓపెన్‌సోర్స్ ప్లాట్‌ఫాం ఆఫ్‌లైన్‌లో బాగా పనిచేస్తుంది. 2021లో పోషణ్ ట్రాకర్ రాకముందు చాలా రాష్ట్రాల్లో అంగన్‌వాడీల ఫోన్లలో నడిచిన యాప్‌ను దాని మీదే కట్టారు.

రెండోది జీపీఎస్. నెట్ ఉంటే ఫోన్‌కు శాటిలైట్ల వివరం డేటా ద్వారా ముందే అందుతుంది, లొకేషన్ సెకన్లలో దొరుకుతుంది. నెట్ లేకపోతే శాటిలైట్ నుంచే నేరుగా దించుకోవాలి. ఒక్కో శాటిలైట్ తన స్థానం వివరాలు పంపడానికే 30 సెకన్లు పడుతుంది, మొత్తం సందేశం పూర్తిగా రావడానికి 12.5 నిమిషాలు. రేకుల ఇంట్లో సిగ్నల్ సరిగ్గా అందదు. డల్లాస్ కోసం రాసిన చెక్‌ఇన్ రూల్‌ను ఇక్కడ పెడితే, నిజంగా వచ్చిన సిస్టర్ కూడా రానట్టే లెక్క.

మూడోది భాష. మా మండలంలో గోండి, తెలుగు, మరాఠీ, ఉర్దూ, లంబాడీ అన్నీ వినిపిస్తాయి. మా పక్కనే నార్నూర్ మండలం గుంజాల ఊళ్లో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్ 11లో చోటొచ్చింది. మనలాంటి వాళ్లకు గర్వంగా ఉండే విషయం. కానీ బాపమ్మ వయసు గోండు పెద్దమ్మకు లిపి కంటే ముందు, గోండిలో మాట్లాడే ఒక ఆడియో బటన్ కావాలి.

రెండు గోలీల సంగతి

ఇప్పుడు అసలు విషయం. బాపమ్మను ఆస్పత్రి నుంచి తెచ్చినప్పుడు బీపీకి ఒక గోలి రాశారు. నెల తర్వాత వేరే ఊళ్లో ఒక డాక్టర్‌కు చూపిస్తే ఇంకో స్ట్రిప్ ఇచ్చారు. పేరు వేరు, రంగు వేరు. పాత చీటీ చూపించి మా బాపు మెడికల్ షాపులో పాతది కూడా తెచ్చాడు. నాలుగు రోజులు రెండూ వేశారు. ఐదో రోజు కూర్చోబెడితే కళ్లు తిరిగి పక్కకు ఒరిగిపోయింది. ఎప్పుడూ 150 దాకా ఉండే పై బీపీ 98 ఉంది.

సిస్టర్ రెండు స్ట్రిప్పులూ పక్కపక్కన పెట్టి, వెనక చిన్న అక్షరాల్లో ఉన్న పేరు చదివింది. రెండింటి మీదా ఆమ్లోడిపిన్.

"అన్నా, పేర్లే వేరు, గోలి ఒక్కటే" అంది బాపుతో.

వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేసి ఒకటి ఆపించాం. బాపమ్మ తేరుకుంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మేం అమెరికాకు రాసే యాప్‌లో సరిగ్గా ఈ తప్పును పట్టుకునే స్క్రీన్ ఉంది. నర్సు మందులన్నీ ఎంటర్ చేస్తే ఒకే మందు రెండు పేర్లతో ఉందని ఎర్రగా చూపిస్తుంది. అదేదో మా టీమ్ మంచితనం కాదు. ఒయాసిస్ ఫారంలో మందులన్నీ సరిచూశారా అని ఒక ప్రశ్న ఉంది. ఫారం అడిగింది కాబట్టి కట్టాం. మా ఇంట్లో ఆ ప్రశ్న అడిగే ఫారం లేదు. అడిగింది ఒక మనిషి, అదీ ఆమె డ్యూటీలో లేని పని.

మరి ఏం చేయొచ్చు?

2021 సెప్టెంబర్‌లో దేశమంతా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఈ దారిలో మంచి అడుగు. 14 అంకెల ఆభా నంబర్‌తో, పేషెంట్ అనుమతి మీద రికార్డులు ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్లే ఏర్పాటు అది. బాపమ్మకు చేయించాను. అయితే మందుల చీటీ రాసినవాళ్లు లింక్ చేస్తేనే అందులో కనిపిస్తుంది.

అందాకా మీ ఇంటికి హోమ్‌కేర్ ఏజెన్సీని మాట్లాడుకుంటున్నా, లేదా మీరే కాలేజీ ప్రాజెక్టుగా ఇలాంటి యాప్ కడుతున్నా నాలుగు టెస్టులు పెట్టండి. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి సేవ్ నొక్కితే సేవ్ అవుతుందా? బయట కొన్న మందు రాయడానికి చోటుందా, బ్రాండ్ పేరు కాకుండా అసలు మందు పేరుతో చూస్తుందా? ఏజెన్సీ మానేస్తే రికార్డు మొత్తం మన చేతికి పీడీఎఫ్‌గా వస్తుందా? ఫోన్ పోతే లోపలి డేటా ఎవరైనా చదవగలరా?

మా ఇంట్లో ప్రస్తుతానికి గోడ మీద ఒక కాగితం అంటించాం. అసలు మందు పేరు, పూట, మొదలుపెట్టిన తేదీ. కొత్త స్ట్రిప్ వస్తే ముందు ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో వెనకవైపు ఫొటో పెట్టాలి, నేనో చెల్లెలో చూసి సరే అన్నాకే డబ్బాలో పడాలి.

ఉన్న నాలుగు రోజుల్లో మా కంపెనీ టెస్ట్ యాప్‌ను ఉత్తుత్తి పేషెంట్ పేరుతో అక్కడే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి చూశాను. సేవ్ అయింది. ఫోన్ టైమ్ ఒక రోజు వెనక్కి తిప్పి మళ్లీ రీడింగ్ ఇస్తే మాత్రం వరుస తారుమారైంది. హైదరాబాద్ రాగానే బగ్ రాసి, నేనే సరిచేశాను. వచ్చే రిలీజ్‌లో అది టెక్సాస్ నర్సుల ఫోన్లలోకి వెళ్తుంది. జైనూర్‌లో ఇప్పటికి గోడ మీద కాగితమే ఉంది. నిన్న సాయంత్రం బాపు ఫోన్ చేసి సిస్టర్ వచ్చి వెళ్లిందని, పై బీపీ 142 ఉందని చెప్పాడు.