మార్చి 31 దాటాక జీతాల లెక్క: సాఫ్ట్‌వేర్ చూపే మొత్తం ఎక్కడ తప్పుతుంది?

ఆర్థిక సంవత్సరం ముగియగానే ప్రతి సంస్థలోనూ అకౌంట్స్ విభాగం ముందుకొచ్చే పని ఒకటే: ఒక్కో ఉద్యోగికి ఏడాదిలో ఎంత జీతం ఇచ్చారు, ఎంత పన్ను కోశారు అన్నది తేల్చడం. 2024-25కి సంబంధించి ఈ వివరాలు చివరి త్రైమాసికపు 24క్యూ రిటర్న్‌లో 2025 మే 31లోగా చేరాల్సి ఉండేది. ఉద్యోగికి ఫారం 16 అదే ఏడాది జూన్ 15లోగా అందాల్సి ఉండేది.

పేరోల్ సాఫ్ట్‌వేర్‌లో ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు తేదీలిస్తే మొత్తం క్షణాల్లో వచ్చేస్తుంది. కానీ ఆ తేదీలు దేనివన్నదే అసలు ప్రశ్న. జీతం చెల్లించిన తేదీలా, జీతం వర్తించే నెలలా?

ఒక ప్రైవేటు ఉద్యోగికి నెలకు రూ.50,000 జీతం, జనవరి నుంచి రూ.55,000 అనుకుందాం. ఏప్రిల్ నుంచి మార్చి దాకా లెక్కిస్తే రూ.6,15,000 అవుతుంది. ప్రతి నెలా జీతం తర్వాతి నెల 5న ఇచ్చే సంస్థలో చెల్లింపు తేదీలతో రిపోర్టు తీస్తే, పాత మార్చి జీతం లోపలికి వచ్చి కొత్త మార్చి జీతం బయటికి పోతుంది. మొత్తం రూ.6,10,000గా కనిపిస్తుంది. తేడా చిన్నదే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పన్ను చట్టం ప్రకారం మాత్రం జీతం రావలసిన తేదీ, చేతికందిన తేదీలలో ఏది ముందైతే అదే లెక్క. నెలాఖరుకే రావలసిన మార్చి జీతం ఏప్రిల్‌లో అందినా పాత ఏడాది ఆదాయమే. మార్చి జీతం ఏప్రిల్ 1న అందుకునే ప్రభుత్వ ఉద్యోగులకు మార్చి నుంచి ఫిబ్రవరి వరకు లెక్కించేది కూడా ఇందుకే.

మరో పొరపాటు, ‘ప్రస్తుత ఉద్యోగులు’ అన్న ఫిల్టర్‌తో రిపోర్టు తీయడం. అలా చేస్తే మధ్యలో మానేసినవారు జాబితాలోంచి జారిపోతారు. చేతికందిన జీతాన్నే స్థూల జీతంగా తీసుకోవడం, సంస్థ వాటా పీఎఫ్‌ను జీతంలో కలపడం కూడా తరచూ జరిగేవే.

అందుకే మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చూడాలి: పేరోల్ మొత్తం, ఖాతా పుస్తకాల్లోని జీతాల ఖర్చు, 24క్యూలో చూపిన మొత్తం. తేడా ఉంటే దానికి కారణం కాగితం మీద ఉండాలి. ఉదాహరణకు పుస్తకాల్లో బోనస్‌కు ముందుగా కేటాయించిన సొమ్ము.

తప్పు సంస్థదే అయినా తిప్పలు ఉద్యోగికే. కోసిన పన్ను 26ఏఎస్‌లో కనిపించకపోతే రిఫండ్ ఆగుతుంది, లేదా నోటీసు వస్తుంది. దాన్ని ఉద్యోగి స్వయంగా సరిదిద్దలేరు, సంస్థే సవరణ రిటర్న్ వేయాలి. కాబట్టి ఫారం 16 అందగానే పన్నెండు నెలల పేస్లిప్పులతో, 26ఏఎస్‌తో సరిపోల్చుకుని, ఐటీ రిటర్న్ వేయకముందే అకౌంట్స్ వారిని అడగడం మేలు.