మోనోపలీలో అద్దె: కార్డు చూశాకే డబ్బు

తమ్ముళ్లూ, ఎపిసోడ్‌లో టైం చాలక వదిలేసిన అద్దె లెక్క ఇక్కడ రాస్తున్నా. మన ఊళ్లో పిల్లలు ఆడే బిజినెస్ ఆటకి మూలం ఈ మోనోపలీయే.

మన పావు ఇంకొకరి స్థలంలో ఆగితే అద్దె కట్టాలి. ఎంత అనేది ఓనర్ నోటిమాట కాదు, అతని కార్డు మీద ఉంటుంది. అమెరికా ఆటలో బోర్డ్‌వాక్ ఖాళీ స్థలానికి 50 డాలర్లు. ఆ రంగు స్థలాలన్నీ ఒక్కడివే అయితే 100. ఒక ఇల్లు కడితే 200, హోటల్ కడితే 2,000. స్థలం తాకట్టులో ఉంటే అద్దె లేదు. ఓనర్ జైల్లో ఉన్నా వసూలు చేసుకోవచ్చు. కానీ తర్వాతివాడు పాచికలు వేసేలోపు అడక్కపోతే పోయినట్టే.

దీనికి ముందు వచ్చిన ల్యాండ్‌లార్డ్స్ గేమ్‌కి లిజీ మాగీ 1904లో పేటెంట్ తీసుకుంది. అద్దెలతో ఓనర్ ఎలా బలుస్తాడో, మిగతావాళ్లు ఎలా చితికిపోతారో చూపించడానికే ఆమె దాన్ని తయారుచేసింది.

దుబాయ్‌లో బెడ్ స్పేస్ తీసుకునేవాళ్లకి కూడా కార్డు చూసే అలవాటు కావాలి. ఇక్కడ కార్డంటే ఎజారీలో నమోదైన అగ్రిమెంటు. 2007 నాటి 26వ నంబరు చట్టం ప్రకారం, ఓనర్ రాసివ్వకుండా అద్దెకున్నవాడు ఇంకొకరికి అద్దెకివ్వకూడదు. ఇస్తే ఓనర్ కేసు వేసి ఇద్దరినీ ఖాళీ చేయించొచ్చు. అప్పుడు మన నష్టం మనకి బెడ్ ఇచ్చినవాణ్ణే అడగాలి. అడగాలంటే చేతిలో రసీదు ఉండాలి కదా. అందుకే ముందు అనుమతి కాగితం చూడండి, ప్రతి నెలా రసీదు తీసుకోండి.