వార్తల్లో పదం: పాత నేరస్థుడు

తాళం వేసిన ఇంట్లో చోరీ చేసి దొరికినవాడి జేబులో గంజాయి పొట్లం కూడా ఉందనుకోండి. ‘ఇతనిపై ఇప్పటికే 20 కేసులు’ అని మర్నాడు వార్త. కేసులున్నంత మాత్రాన చట్టం దృష్టిలో పాత నేరస్థుడు కాడు. గతంలో దోషిగా తేలాడా లేదా అన్నదే లెక్క.

భారతీయ న్యాయ సంహిత 305వ సెక్షన్ కింద ఇంట్లో దొంగతనానికి గరిష్ఠంగా ఏడేళ్ల జైలు. మూడేళ్లు, ఆపైన శిక్షకు వీలున్న ఆస్తి నేరంలో ఒకసారి దోషిగా తేలినవాడు మళ్లీ అలాంటిదే చేస్తే 13వ సెక్షన్ (పాత ఐపీసీలో 75) ప్రకారం పదేళ్ల దాకా, యావజ్జీవం కూడా వేయొచ్చు. వేయొచ్చు, అంతే.

గంజాయి సంగతి వేరు. కిలో దాకా అయితే ఏడాది వరకు జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. మత్తుమందుల చట్టం 31వ సెక్షన్ గరిష్ఠ శిక్షను ఒకటిన్నర రెట్లు చేస్తుంది గానీ, పాత శిక్ష కూడా ఆ చట్టం కిందే పడి ఉండాలి. చోరీ చరిత్ర ఇక్కడ చెల్లదు.

సెషన్స్ కోర్టులో ఒక మంచి జాగ్రత్త ఉంది. పాత శిక్ష వివరాలు అభియోగాల్లో రాసినా, తాజా కేసులో దోషిగా తేలేదాకా జడ్జి వాటిని చదివి వినిపించరు, ప్రాసిక్యూటర్ ఎత్తకూడదు. ఆ తర్వాతే ముద్దాయిని అడుగుతారు. కాదంటే ప్రాసిక్యూషన్ రుజువు చేసుకోవాల్సిందే.