త్రిభుజం చుట్టుకొలత, వైశాల్యం – దశాంశాలతో జాగ్రత్త

విద్యార్థులారా! కోల్‌కతాలోని బారక్‌పూర్ ట్రంక్ రోడ్డు వెంబడి 1831–32లో జార్జ్ ఎవరెస్ట్ ఆధ్వర్యంలో సర్వేయర్లు సుమారు 6.4 మైళ్ల సరళరేఖను కొలిచారు. దానికోసం రెండు చివర్లా 75 అడుగుల ఎత్తున టవర్లు కట్టారు. ఎండకు సాగి కొలత మారకుండా ఇత్తడి, ఇనుము జతచేసిన కడ్డీలు వాడారు. ఇంత శ్రమ దేనికి? ఆ రేఖ ఒక త్రిభుజానికి భుజం. మిగతా రెండు భుజాలను కోణాల సాయంతో లెక్కిస్తారు. వాటి మీద మరో త్రిభుజం, దాని మీద ఇంకొకటి. మొదటి కొలతలో దొర్లిన తప్పు అన్నింటికీ పాకుతుంది. ఈ సంగతిని ఒక చిన్న త్రిభుజంలో చూద్దాం.

భుజాలు 6.5 మీ., 7.0 మీ., 7.5 మీ. ఉన్న త్రిభుజాకారపు స్థలం ఉందనుకోండి.

చుట్టుకొలత: దశాంశ బిందువులు ఒకదాని కింద ఒకటి వచ్చేలా రాసి కూడాలి.
6.5 + 7.0 + 7.5 = 21.0 మీ.

వైశాల్యం: ఎత్తు తెలియదు కనుక హెరాన్ సూత్రం వాడదాం. అర్ధ చుట్టుకొలత 10.5 మీ. దీనిలోంచి ఒక్కో భుజాన్ని తీసివేస్తే 4.0, 3.5, 3.0 వస్తాయి.
వైశాల్యం = √(10.5 × 4.0 × 3.5 × 3.0) = √441 = 21 చదరపు మీటర్లు.

రెండూ 21 వచ్చాయి! అయితే రెండూ ఒకటేనా? కావు. సెంటీమీటర్లలోకి మార్చి చూడండి. చుట్టుకొలత 2,100 సెం.మీ., వైశాల్యం 2,10,000 చదరపు సెం.మీ. పొడవుకు దశాంశ బిందువు రెండు స్థానాలు జరిగితే, వైశాల్యానికి నాలుగు స్థానాలు జరుగుతుంది. కంచె వేయడానికి మొదటిది కావాలి, నేల పరచడానికి రెండవది కావాలి.

ఇప్పుడు 6.5 మీ. భుజాన్ని భూమిగా తీసుకుందాం. ఎత్తు = (2 × 21) ÷ 6.5 = 6.4615... మీ. దీనిని 6.46గా సవరించి, ½ × భూమి × ఎత్తు కడితే 20.995 వస్తుంది. లోటు 50 చదరపు సెం.మీ. మాత్రమే. తొందరపడి 6.5గా సవరిస్తే 21.125 వస్తుంది. అంటే 1,250 చదరపు సెం.మీ. ఎక్కువ! కాబట్టి మధ్యలో సవరించకండి, చివరి జవాబునే సవరించండి.

సర్వేలో లెక్కలు కట్టడానికి 1831లో చేరిన కోల్‌కతా యువకుడు రాధానాథ్ సిక్దార్. తర్వాతి కాలంలో ఎవరెస్ట్ శిఖరం ఎత్తు లెక్కించిన ఘనత ఆయనకు దక్కింది. ఆ లెక్కలకూ పునాది త్రిభుజాలే.

అభ్యాసం: భుజాలు 2.6, 2.8, 3.0 మీటర్లయితే చుట్టుకొలత, వైశాల్యం ఎంత? ముందు మీరే చేసి, తర్వాత సరిచూసుకోండి.
జవాబు: 8.4 మీ.; 3.36 చదరపు మీటర్లు.