ఆవిరి జూసి ఆగం గావద్దు

మొన్న మా ఊరి వాట్సాప్ గ్రూపుల "కరెంటు లేకుండ నడిసే మోటరు" వీడియో జూస్తే నాకు ఈ-క్యాట్ యాదికొచ్చింది.

2011 జనవరిల ఇటలీలోని బొలోన్యాల ఆండ్రియా రోసి ఈ డబ్బాను జనం ముంగట నడిపిండు. నికెల్ పొడి, హైడ్రోజన్‌తోని కోల్డ్ ఫ్యూజన్ లెక్క పని జేస్తది, పెట్టిన కరెంటుకు ఎన్నో రెట్లు వేడొస్తది అన్నడు.

వేడి లెక్క ఎట్లేసిన్రు? పోసిన నీళ్లన్నీ ఆవిరైనయ్ అనుకొని. కిరికిరి గాడనే. చల్లటి నీళ్లు మసిలేటందుకు పట్టే వేడికి ఆరేడు రెట్లు, మసిలినంక ఆవిరయ్యేటందుకు గావాలె. ఆవిరితోని నీటి తుంపర్లు కొట్టుకపోతే, లేని వేడి కాగితం మీద పుడ్తది. డబ్బా ఇప్పి బయటోళ్లను జూడనియ్యలే. అందుకే చానమంది సైంటిస్టులు నమ్మలే.

తమ్మీ, గసొంటి మోటరుకు పైసలు గట్టేముందు ఒక్కటడుగు: "మా మీటరు వెట్టి కొలుస్తం, సరేనా?"